ఇబ్రహీం అల్ హమ్దీ: యెమెన్ ఇంకా మరిచిపోని మూడేళ్లు

[తెరపై: రెండు రంగుల్లో యెమెన్ మ్యాప్]

1970లలో యెమెన్ అంటే రెండు దేశాలు. దక్షిణాన ఏడెన్ రాజధానిగా మార్క్సిస్టుల పాలన. ఉత్తరాన సనా రాజధానిగా ఒక రిపబ్లిక్. పేరుకు రిపబ్లికే గానీ, ఊళ్లలో చెల్లేది తెగల పెద్దలైన షేక్‌ల మాట. వాళ్లలో చాలామందికి సౌదీ నుంచి డబ్బు ముట్టేది.

1974 జూన్ 13న సైన్యం అధ్యక్షుడు అల్ ఇర్యానీని దించేసింది. రక్తపాతం లేదు. గద్దెనెక్కింది ఖాజీల (ఇస్లామిక్ న్యాయాధికారుల) ఇంట్లో పుట్టిన లెఫ్టినెంట్ కల్నల్ ఇబ్రహీం అల్ హమ్దీ. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు.

[తెరపై: కొండల మధ్య మట్టి రోడ్డు]

ఈయన కథ చెప్పేవాళ్లంతా 1977లో జరిగిన ఈయన హత్య దగ్గరికి పరుగెడతారు. అసలు చూడాల్సింది సహకార సంఘాలను. ఖజానాలో డబ్బు లేదు. కానీ లక్షలాది యెమెనీలు సౌదీలో పనిచేస్తూ ఇంటికి డబ్బు పంపుతున్నారు. ఊరివాళ్లు సంఘం పెట్టుకుని, ఆ సంపాదనలోంచి చందాలు వేసుకుని, జకాత్‌లో (ముస్లింలు మతధర్మంగా ఇచ్చే సొమ్ములో) కొంత వాటా, సర్కారు సాయం కలుపుకుని రోడ్డు, బడి, మంచినీళ్లు తెచ్చుకునేవారు. ఈ సంఘాల సమాఖ్యకు 1973 నుంచే హమ్దీ అధ్యక్షుడు. రోడ్డు సంఘం వేస్తే ఇక షేక్‌తో పనేముంది? అదీ లెక్క. షేక్‌లేం తక్కువ తినలేదు, చాలాచోట్ల సంఘాల్లోనూ వాళ్లే దూరారు.

[తెరపై: సైనిక కవాతు]

1975లో సైన్యంలో కీలక పదవుల్లో ఉన్న అబూ లుహూమ్ కుటుంబాన్ని తప్పించారు. హాషిద్ తెగ పెద్ద అబ్దుల్లా అల్ అహ్మర్ నడిపే సలహా మండలిని రద్దు చేశారు. ఎన్నికలు మాత్రం పెట్టలేదు. అభిమానులు ఈ సంగతి ఎత్తరు.

1977 ఫిబ్రవరిలో ఖతాబాలో దక్షిణ యెమెన్ నేత సాలిం రుబాయ్ అలీని కలిసి ఏకీకరణ గురించి మాట్లాడారు. సౌదీకి ఇది మింగుడు పడలేదు. అక్టోబర్ 11న, ఏడెన్ ప్రయాణానికి సిద్ధమవుతుండగా, హమ్దీనీ ఆయన తమ్ముడు అబ్దుల్లానీ చంపేశారు. పక్కన ఇద్దరు ఫ్రెంచ్ మహిళల శవాలు కనిపించాయి. పరువు తీయడానికే అలా పెట్టారని చాలామంది నమ్మకం. అనుమానం సౌదీ మీదా, ఆయన తర్వాత గద్దెనెక్కిన అల్ ఘష్మీ మీదా పడింది.

ఘష్మీ ఏడాది కూడా నిలవలేదు. 1978 జూన్‌లో బ్రీఫ్‌కేస్ బాంబుకు బలయ్యాడు. తర్వాత వచ్చిన అలీ అబ్దుల్లా సాలే 1990లో రెండు యెమెన్‌లను కలిపాడు. 2011లో ఆ సాలేను దిగిపొమ్మంటూ వీధికెక్కిన జనం చేతుల్లో హమ్దీ ఫోటోలున్నాయి. ఆ హత్యకు మాత్రం ఏ కోర్టూ ఎవరికీ శిక్ష వేయలేదు.