బంగారు గని కంపెనీ ‘ఈ ఏడాది ఇంత తీస్తాం’ అంటే ఆ అంకెను ఎలా చదవాలి?

[తెర మీద: 2024 ఉత్పత్తి 39.1 లక్షల ఔన్సులు. 2025 అంచనా 31.5 నుంచి 35 లక్షల ఔన్సులు]

కెనడా కంపెనీ బ్యారిక్ 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన అంచనా ఇది. అంతకుముందు ఏడాది తీసిన దానితో పోలిస్తే ఉత్పత్తి కుప్పకూలినట్టే కనిపిస్తుంది. కానీ మాలి దేశంలోని లూలో-గౌంకోటో గనిని ఈ అంచనాలో కలపలేదు. 2024లో ఆ గని నుంచి బ్యారిక్ వాటాకు వచ్చింది దాదాపు 5.8 లక్షల ఔన్సులు. 39.1లోంచి అది తీసేయండి, 33.3 మిగులుతుంది. అంటే మిగతా గనులు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. ఏ గనిని కలిపారు, దేన్ని వదిలేశారు అన్నది అంకె కిందే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ముందు అది చదవాలి.

[తెర మీద: మిల్లులో వేసిన టన్నులు × గ్రేడ్ × రికవరీ]

అసలు ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? మిల్లులో ఏడాదికి 10 లక్షల టన్నుల రాయి వేస్తారనుకోండి. టన్నుకు 1.5 గ్రాముల బంగారం, అదే గ్రేడ్. అందులో చేతికొచ్చేది 90 శాతం, అదే రికవరీ. గుణిస్తే 1,350 కిలోలు. ఔన్సుకు 31.1 గ్రాముల చొప్పున సుమారు 43,400 ఔన్సులు. ఇప్పుడు గ్రేడ్ 1.5 నుంచి 1.3కి దిగిందనుకోండి. తవ్వింది అంతే, కాల్చిన డీజిల్ అంతే, కరెంటు బిల్లూ అంతే. బంగారం మాత్రం 180 కిలోలు తగ్గింది.

గ్రేడ్ పడినప్పుడల్లా కంగారు పడక్కర్లేదు. ఓపెన్ పిట్‌లో, అంటే నేల పైనుంచి తవ్వుకుంటూ పోయే గనిలో, మంచి ఖనిజం చేరాలంటే ముందు పైనున్న వట్టి రాయి తొలగించాలి. ఆ నెలల్లో మిల్లు ఆగకుండా పక్కన పోసి ఉంచిన తక్కువ గ్రేడ్ కుప్పల్లోంచి తెచ్చి వేస్తారు. ఇది ప్లాన్‌లో ముందే ఉంటుంది. భయపడాల్సింది ప్లాన్‌లో లేని తగ్గుదలకు: పేలుళ్లలో వట్టి రాయి ఖనిజంలో కలిసిపోవడం, డ్రిల్లింగ్ చేసి గీసిన చోట ఖనిజం అంత లేకపోవడం. ఇంకో సంగతి చాలామంది గమనించరు. బంగారం ధర పెరిగితే, ఇదివరకు గిట్టుబాటు కాని పేద రాయి కూడా గిట్టుబాటవుతుంది. దాన్నీ మిల్లులో వేస్తారు. అందుకే ధర పెరిగిన ఏడాది ఔన్సులు తగ్గినా వింత కాదు.

రికవరీ దగ్గర మాత్రం కాస్త ఆగి చూడాలి. డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్వెబ్లో వియెహో గని తీసుకోండి. అందులో బ్యారిక్‌కి 60, న్యూమాంట్ అనే మరో గని కంపెనీకి 40 శాతం. అక్కడి బంగారం సల్ఫైడ్, అంటే గంధకం కలిసిన ఖనిజంలో, కంటికి కనిపించని రేణువులుగా ఇరుక్కుని ఉంటుంది. రాయిని పిండి చేసినా, బంగారాన్ని కరిగించే సయనైడ్ నీళ్లు దాన్ని అందుకోలేవు. అందుకే ఆ పిండిని ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ పాత్రలో, ఆక్సిజన్ పంపుతూ 200 డిగ్రీలకు పైగా వేడి చేసి సల్ఫైడ్‌ను విడగొడతారు. ఈ ప్లాంటు విస్తరణలో ఫ్లోటేషన్ విభాగం, అంటే నురగతో ఖనిజాన్ని తేల్చి వేరుచేసే భాగం, కూడా కలిపారు. 2023లో క్రష్ చేసిన రాయిని కుప్పకు చేర్చే కన్వేయర్ దెబ్బతింది. బంగారం భూమిలోనే ఉంది, గ్రేడూ ఉంది. అయినా బ్యారిక్ తన గనులన్నిటికీ కలిపి 42 నుంచి 46 లక్షల ఔన్సులని చెప్పి, ఆ ఏడాది తీసింది 40.5 లక్షలే. 2024కి 39 నుంచి 43 అన్నారు, అంచున 39.1 దగ్గర ఆగారు. కొత్త ప్లాంటు పూర్తి సామర్థ్యానికి చేరే కాలానికి కంపెనీలు రాసే అంచనాలో కొంత కోత వేసుకునే చదవాలి.

[తెర మీద: ఔన్సుకు మొత్తం ఖర్చు, ఏఐఎస్‌సీ]

ఔన్సులు తగ్గితే దెబ్బ రెండు వైపులా తగులుతుంది. జీతాలు, కరెంటు, మరమ్మతులు తగ్గవు కాబట్టి ఔన్సుకు పడే ఖర్చు పెరుగుతుంది. 2024లో బ్యారిక్ 1,320 నుంచి 1,420 డాలర్లని చెప్పింది, తేలింది 1,484. ధరతో పాటు పెరిగే రాయల్టీ కూడా ఈ లెక్కలోనే ఉంటుంది.

తీసిన బంగారమంతా అమ్ముడుపోయిందా అన్నదీ చూడాలి. 2024 చివరి త్రైమాసికంలో బ్యారిక్ ఉత్పత్తి 10.8 లక్షల ఔన్సులు, అమ్మకం 9.65 లక్షలు. మాలి ప్రభుత్వం ఎగుమతులు ఆపేయడంతో బంగారం అక్కడే ఉండిపోయింది. 2025 జనవరిలో లూలో-గౌంకోటో గని మూతపడింది. ప్రభుత్వంతో ఒప్పందం ఆ ఏడాది నవంబరులో గాని కుదరలేదు.

[తెర మీద: జొన్నగిరి, కర్నూలు జిల్లా]

మన దగ్గరికి వద్దాం. జొన్నగిరి గని పూర్తిస్థాయిలో నడిస్తే ఏటా 750 కిలోలని వార్తల్లో వచ్చింది. గనిని నడిపేది జియోమైసూర్. స్టాక్ మార్కెట్‌లో దొరికేది డెక్కన్ గోల్డ్ మైన్స్ షేరు, దానికి జియోమైసూర్‌లో ఉన్నది సుమారు 40 శాతం. కాబట్టి డెక్కన్ వాటా 300 కిలోలు. షేరు విలువ కట్టేటప్పుడు 750తో లెక్క వేయకండి.

ఇక ఆ 750నే వెనక్కి విప్పి చూడండి. గ్రేడ్ 1.5, రికవరీ 90 శాతం అనుకుంటే ఏడాదికి 5.5 లక్షల టన్నులకు పైగా రాయి మిల్లులో పడాలి. 330 రోజులు నడిస్తే రోజుకు దాదాపు 1,700 టన్నులు. మిల్లు రోజుకు 1,000 టన్నులే ఆడిస్తే, అదే 750 రావడానికి గ్రేడ్ 2.5 ఉండాలి. త్రైమాసిక ఫలితాల్లో టన్నులు, గ్రేడ్, రికవరీ విడివిడిగా ఇచ్చారేమో చూడండి. ఇవ్వకపోతే ఇన్వెస్టర్ల కాల్‌లో మొదట అడగాల్సింది వాటినే.