ఒప్పందం ఉంది, తనిఖీ లేదు

హోస్ట్: మేడమ్, ముందు నా సందేహం తీర్చండి. జీవాయుధాలని, అంటే రోగాల క్రిములతో చేసే ఆయుధాలని, ప్రపంచం ఎప్పుడో నిషేధించింది కదా. మళ్లీ ఈ కంగారు దేనికి?

అతిథి: నిషేధించిందండీ. 1972లో ఆ ఒప్పందం మీద సంతకాలు మొదలయ్యాయి, 1975 నుంచి అమలు. తయారు చెయ్యకూడదు, నిల్వ పెట్టకూడదు, ఇంకొకరి చేతికివ్వకూడదు. 180కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. కాకపోతే ఎవరైనా మాట తప్పితే వెళ్లి చూసే నాథుడు లేడు. రసాయన ఆయుధాలకైతే హేగ్‌లో పెద్ద సంస్థ ఉంది, ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీల్లోకి వెళ్లి చూస్తారు. దీనికి జెనీవాలో నలుగురైదుగురు పనిచేసే ఆఫీసు, అంతే. తనిఖీ కోసం ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి. 2001లో అమెరికా ఆ ముసాయిదా వద్దనడంతో ఆగిపోయాయి.

హోస్ట్: అంటే అంతా నమ్మకం మీదే నడుస్తోందా?

అతిథి: నమ్మకం మీదే. అది ఎంత గట్టిదో సోవియట్ నగరం స్వెర్డ్‌లోవ్‌స్క్ చెబుతుంది. ఇప్పుడు యెకాటెరిన్‌బర్గ్ అంటున్నారు. 1979 ఏప్రిల్‌లో అక్కడ ఆంత్రాక్స్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకి కనీసం 66 మంది చనిపోయారు. పాడైన మాంసం తిన్నారని సోవియట్ ప్రభుత్వం చెప్పింది. ఒప్పందపు పత్రాలు భద్రపరిచే మూడు దేశాల్లో సోవియట్ ఒకటి, అది గుర్తుపెట్టుకోండి.

హోస్ట్: మరి నిజం ఎలా బయటికొచ్చింది?

అతిథి: సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ వాళ్లు ఆసుపత్రి రికార్డులు పట్టుకుపోయారు. అయినా శవపరీక్ష చేసిన డాక్టర్లు కొన్ని నమూనాలు దాచారు. ఆంత్రాక్స్ ఊపిరితిత్తుల ద్వారా వెళ్లిందని వాటిల్లో తేలింది. 1992లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ కారణం సైన్యమేనని ఒప్పుకున్నాడు. అదే ఏడు అమెరికా శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం వెళ్లి, చనిపోయినవాళ్ల ఇళ్లకి పోయి ఒకటే అడిగింది: ఆ రోజుల్లో పగటిపూట మీవాళ్లు ఎక్కడున్నారు అని. మ్యాప్ మీద చుక్కలు పెడితే దాదాపు అన్నీ ఒక సన్నటి పట్టీలో పడ్డాయి. ఆ పట్టీ మొదలు సైనిక కేంద్రం. అదే వరసలో దూరంగా ఉన్న పల్లెల్లో గొర్రెలు, పశువులు చచ్చిపోయాయి. వాతావరణ రికార్డులు తీస్తే ఏప్రిల్ 2న గాలి సరిగ్గా అటే వీచింది. మాంసం కథ అక్కడితో సరి. కానీ చూడండి, 13 ఏళ్లు పట్టింది.

హోస్ట్: అది దేశం చేసిన పని. ఇప్పుడు భయం చిన్న ల్యాబుల గురించి కదా?

అతిథి: రెండూ ఉన్నాయి. 2002లో అమెరికాలో పోలియో వైరస్‌ని ఆర్డరిచ్చి తెప్పించిన డీఎన్‌ఏ ముక్కల నుంచి తయారు చేశారు. 2018లో కెనడా శాస్త్రవేత్తలు హార్స్‌పాక్స్ వైరస్ విషయంలో అదే చేశామని ప్రచురించారు. అది మశూచి వైరస్‌కి దగ్గరి చుట్టం. మశూచి నమూనాలు అధికారికంగా రెండే చోట్ల ఉన్నాయి, అమెరికాలో అట్లాంటాలో ఒకటి, రష్యాలో కొల్ట్‌సోవోలో ఒకటి. వాటికి ఎంత కాపలా పెట్టినా, జన్యుక్రమం అందరికీ తెలిసినప్పుడు వీధి తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు తీసిపెట్టినట్టే.

హోస్ట్: దొడ్డి తలుపు దగ్గర ఎవరున్నారు మరి?

అతిథి: డీఎన్‌ఏ తయారుచేసి అమ్మే కంపెనీలు. నన్నడిగితే ఇవాళ అసలు కాపలా వాళ్లదే. ఆర్డరు రాగానే ఆ క్రమం ఏదైనా ప్రమాదకరమైన సూక్ష్మజీవితో కలుస్తోందా అని కంప్యూటర్‌లో పోల్చి చూస్తారు. కలిస్తే మనిషి కూర్చుని చూస్తాడు: అడిగింది ఎవరు, ఏ సంస్థ, ఎందుకు? 2009 నుంచి కొన్ని పెద్ద కంపెనీలు ఒక కూటమిగా ఏర్పడి ఇలా చేస్తున్నాయి. కానీ అది వాళ్ల ఇష్టం మీద నడుస్తోంది. చెక్ చెయ్యడానికి ఖర్చవుతుంది, చెయ్యని కంపెనీకి ఆ ఖర్చు మిగులుతుంది. ఇది బొత్తిగా అన్యాయం. చట్టం ఉండాలి, అదీ అన్ని దేశాల్లో ఒకేలా ఉండాలి. ఒక దేశం వదిలేస్తే ఆర్డర్లు అక్కడికే పోతాయి.

హోస్ట్: ప్రమాదకరమైన పరిశోధనలే ఆపేస్తే పోదా?

అతిథి: టీకా తయారుచేసేవాళ్లకీ ఆ జ్ఞానమే కావాలి. ఆపమనను. ఎప్పుడు ప్రశ్నిస్తున్నామన్నదే నా గొడవ. 2011లో బర్డ్ ఫ్లూ వైరస్‌ని ఫెర్రెట్లనే ముంగిసలాంటి జంతువుల మధ్య గాలిలో పాకేలా మార్చారు. వివరాలు ప్రచురించొద్దని అమెరికా సలహా బోర్డు కోరింది, తర్వాత సరేనంది, 2012లో రెండు పేపర్లూ వచ్చేశాయి. పేపర్ రాశాక ఏం ఆపుతారు? నిధులు అడిగే రోజే అడగాలి, ఇది దుర్వినియోగమైతే ఏమవుతుందని.

హోస్ట్: అడిగితే నిజం చెబుతారా?

అతిథి: చాలామంది చెబుతారండీ. ఎక్కువమందికి ఆ ఆలోచనే తట్టి ఉండదు. మైక్రోబయాలజీ చదివే పిల్లలకి శుభ్రత నేర్పిస్తాం, బయోసేఫ్టీ, అంటే ల్యాబులో క్రిములు బయటికి పోకుండా చూసుకోవడం, నేర్పిస్తాం. ఈ ఒప్పందం సంగతి మాత్రం చాలా సిలబస్‌లలో కనిపించదు.