హిట్టయినా స్టూడియో మూసేశారు

నమస్తే అండి. బెంగళూరు మారతహళ్లి రూమ్‌లోంచే మాట్లాడుతున్నా, మధ్యలో హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి.

మా రూమ్మేట్ ఇక్కడే ఓ మొబైల్ గేమ్ స్టూడియోలో లెవెల్ డిజైనర్. కంపెనీ పేరు చెప్పను, వాడి ఉద్యోగం పోతుంది. మొన్న రాత్రి పదకొండింటికి వచ్చి, పెరుగన్నం డబ్బా మూత తీసి అలాగే కూర్చుండిపోయాడు. ఏంట్రా అంటే, "23వ లెవెల్ జనం తేలిగ్గా దాటేస్తున్నారంట. రెండు మూవ్స్ తగ్గించమంది మానిటైజేషన్ టీమ్" అన్నాడు. అంటే గేమ్ నుంచి డబ్బులు రాబట్టే టీమ్ అన్నమాట. మూవ్స్ అయిపోతే డైమండ్స్ కొనుక్కోవాలి, అదీ సంగతి. పజిల్ బాగుందా లేదా అని ఒక్కరూ అడగలేదంట.

లాభం చూసుకోవద్దా అంటారా? చూసుకోవాలి. మా అద్దెలో సగం ఆ డైమండ్స్ లోంచే వస్తోంది మరి! కానీ ఇరుక్కుపోయేలా లెవెల్ కట్టి, బయటపడ్డానికి డబ్బులడగడం ఏం న్యాయం?

2006లో ఆబ్లివియన్ గేమ్‌లో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకి అమ్మితే అందరూ నవ్వారు. కనీసం అది వద్దనుకుంటే వదిలేయొచ్చు. 2017కి వచ్చేసరికి స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో డార్త్ వేడర్ అనే విలన్‌గా ఆడాలంటే 60,000 క్రెడిట్లు, అంటే గేమ్ లోపలి డబ్బులు! గంటలకు గంటలు కూర్చుని సంపాదించాలి. జనం తిట్టిపోస్తే ఆ గేమ్ అమ్మే ఈఏ కంపెనీ వాళ్లు ఆ రేటు ముప్పావు వంతు తగ్గించి, విడుదలకి ముందు గేమ్ లోపలి కొనుగోళ్లే ఆపేశారు.

సరే, మంచి గేమ్ తీస్తే చాలదా? హై-ఫై రష్ అనే గేమ్ చూడండి. 2023 జనవరిలో ప్రకటించిన రోజే వదిలారు. హీరో నడక, దెబ్బ, వెనకాల ఊగే చెట్లు కూడా పాట తాళం తప్పవు. హిట్టని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు. 2024 మేలో అది తీసిన టాంగో గేమ్‌వర్క్స్‌ని మూసేస్తున్నామన్నారు, అదే మైక్రోసాఫ్ట్ వాళ్లు.

ఆగస్టులో ఆ టీమ్‌ని, గేమ్‌ని తీసుకుందెవరో తెలుసా? క్రాఫ్టన్. మన బీజీఎంఐ, అదే ఇండియా పబ్జీ, వాళ్లే! అమ్మ ఫోన్‌పే నుంచి మీ తమ్ముడు కొట్టేసి కొన్న యూసీ, అంటే ఆ గేమ్ లోపలి డబ్బు, ఉంది చూశారూ, అలాంటి వాటి మీద బతికే కంపెనీ. ఇప్పుడు నేనెవర్ని తిట్టాలి?

పొద్దున లేచేసరికి మావాడు మార్చిన గేమ్ కాపీ (బిల్డ్) పంపేశాడు. రెండు మూవ్స్ తగ్గించమంటే ఒక్కటే తగ్గించాడంట. "రెండోది ఎవరైనా లెక్కపెడితే అప్పుడు చూద్దాంలే" అని స్నానానికి పోయాడు.