ఇప్పచెట్టు కింద ఉరికే సాలీడు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: సిరోంచ, అహేరి తాలూకాల శ్రోతలకు నమస్కారం. అడవి సాలీళ్ల మీద మీ ప్రశ్నలకు జంతుశాస్త్రం చెప్పే సార్ జవాబులిస్తారు. మొదటి కాలర్, హలో?

కాలర్ (అసరల్లి): హలో, నమస్తే సార్. వినబడుతుందా? నేను, మా ఇంటిది ఇప్పపువ్వు ఏరడానికి పోతం సార్. తెల్లారకముందు నాలుగింటికే పోవాలి, లేటైతే పశువులు తినేస్తయి. మొన్న గంప కింద పెట్టి, బ్యాటరీ లైటు వేసి...

నిపుణుడు: ఏం కనబడింది పెద్దాయనా?

కాలర్: అదే చెప్తున్న సార్. ఎండుటాకుల మీద ఒక సాలీడు ఉరికింది. గూడు లేదు, ఏం లేదు. బూడిద రంగు. వెనకాల తెల్లటి గోలీ లాంటిది తగిలించుకుని పోతుంది. మా ఇంటిది చెప్పు తీసింది, నేనే ఆపిన. విషం ఉంటదా సార్?

నిపుణుడు: ఆపి మంచి పని చేశారు. ఆ గోలీ గుడ్ల సంచి. దాన్ని తోడేలు సాలీడు అంటారు, లైకోసిడే కుటుంబం. వీటిలో చాలావరకు గూడు అల్లి కాచుకోవు, నేల మీద ఉరికి పురుగుల్ని పట్టుకుంటాయి. దారం తీసే చోట, పొట్ట చివర సంచిని అతికించుకుని తిరుగుతుంది తల్లి. సంచి ఊడిపోతే అక్కడక్కడే వెతుకుతుంది. అంతే సైజు బెండు ఉండ దొరికినా, అదే తన సంచి అనుకుని తగిలించుకుంటుంది. పిల్లలు బయటికి రాగానే తల్లి వీపెక్కుతాయి.

కాలర్: అవునా సార్! పోయినేడు ఒకదాని వీపంతా నువ్వులు చల్లినట్టు ఉండె. దానికేదో రోగం అనుకున్న.

నిపుణుడు: అవే పిల్లలు. కొన్ని రోజులు అలాగే మోస్తుంది.

కాలర్: మరి విషం సంగతి సార్?

నిపుణుడు: పురుగుల్ని చంపేంత విషం ఉంటుంది, మనిషికి మామూలుగా ప్రమాదం లేదు. కరిస్తే సబ్బుతో కడిగి చల్లని తడిగుడ్డ వేయండి. వాపు పెరిగినా, ఆయాసం వచ్చినా దవాఖానకు పోవాలి. కానీ గుర్తుంచుకోండి, చీకట్లో ఏం కరిచిందో కంటితో చూడకపోతే సాలీడు అనుకోవద్దు. కట్లపాము కాటుకు నొప్పి కూడా తెలియకపోవచ్చు.

యాంకర్: ధన్యవాదాలు. ఆలాపల్లి నుంచి?

కాలర్ (ఆలాపల్లి): సార్, మా ఇంటి గోడ మీద అరచేతి అంత సాలీడు ఉంటుంది. అది కూడా ఇదేనా?

నిపుణుడు: బల్లపరుపుగా ఉండి, ఎండ్రకాయలా కాళ్లు పక్కలకు చాపుతుందా?

కాలర్: అవును సార్.

నిపుణుడు: అయితే అది హంట్స్‌మన్ అనే సాలీడు, వేరే కుటుంబం. గుడ్ల సంచిని పొట్ట కింద పట్టుకుంటుంది. బొద్దింకల్ని తింటుంది, ఉండనివ్వండి. గుర్తుపట్టాలంటే కళ్లు చూడాలమ్మా. తోడేలు సాలీడుకు ఎనిమిది కళ్లు మూడు వరసల్లో ఉంటాయి. కింద చిన్నవి నాలుగు, వాటిపైన పెద్దవి రెండు, ఇంకా వెనక మరో రెండు. రాత్రి టార్చి మీ కంటి పక్కనే పెట్టి నేల మీద వేస్తే ఆకుల్లోంచి చిన్న చిన్న చుక్కలు మెరుస్తాయి, అవే వాటి కళ్లు.

యాంకర్: తర్వాతి కాలర్, అంకీసా.

కాలర్ (అంకీసా): మా తమ్మునికి పోయిన వారం రాత్రి చేన్ల ఏదో కరిచింది సార్. సాలీడే అనుకుని మంత్రం వేయించినం, తగ్గింది.

నిపుణుడు: ఏం కరిచిందో చూశాడా?

కాలర్: లేదు సార్.

నిపుణుడు: చూడలేదుగా! ఇంతకుముందే చెప్పాను. అది పాము అయ్యుంటే ఏమయ్యేది? గాటు కనబడకపోయినా, నొప్పి లేకపోయినా నేరుగా దవాఖానే. మంత్రం కోసం ఒక్క గంట కూడా పోగొట్టుకోవద్దు.

యాంకర్: సరే సార్. మళ్లీ అసరల్లి పెద్దాయనే లైన్లో ఉన్నారు.

కాలర్ (అసరల్లి): సార్, ఒకటి మర్చిపోయిన. పువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు కాలబెడతం. ఆ సాలీళ్లు తప్పించుకుంటయా?

నిపుణుడు: అన్నీ తప్పించుకోలేవు పెద్దాయనా. పగలు అవి దాక్కునేది ఆ ఆకు కిందే, తినే పురుగులు ఉండేదీ అక్కడే. గుడ్లు మోసే తల్లి ఎంతని ఉరుకుతుంది? ఒకవేళ మిగిలినా బూడిదలో ఏం తిని బతుకుతుంది? మంట టేకు అడవిలోకి పాకితే ఇంకా నష్టం. చీపురుతో ఆకు పక్కకు జరపండి, లేదా పాత చీర పరవండి. పువ్వుకు మట్టి కూడా అంటదు.

కాలర్: చీరలు నాలుగు ఉన్నయి సార్. మా ఇంటిదాన్ని అడుగుత.

నిపుణుడు: అడగండి. రేపు నాలుగింటికి పోయినప్పుడు టార్చి కంటి పక్కన పెట్టి చూడండి, ఎన్ని చుక్కలు మెరిసాయో లెక్కపెట్టి వచ్చే వారం నాకు చెప్పాలి.

యాంకర్: సమయం అయిపోయింది. ధన్యవాదాలు సార్. శ్రోతలకు నమస్కారం.