బెజవాడ ఎండకి ఏ రెసిన్ ఆగుతుంది? సొంత విమానం రెక్క రిపేర్ రివ్యూ

నమస్తే అండీ. ఇవాళ్టి రివ్యూ విమానం రెక్క మీద. బెజవాడలో ఇదేం పిచ్చి అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. బర్ట్ రూటన్ డిజైన్ చేసిన వేరీఈజ్ 1975లో ఎగిరింది, లాంగ్ఈజ్ 1979లో. వాటికి అచ్చుల గొడవ లేదు. ఫోమ్ దిమ్మని వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, పైన గ్లాస్ క్లాత్ అంటే గాజు పోగుల గుడ్డ, దాన్ని తడిపి గట్టిపడే ఎపాక్సీ అనే రెసిన్ వేస్తారు. నా బల్ల మీదున్నది అలా చేసిన ప్రాక్టీస్ ప్యానెల్. దీనికి సొట్ట పెట్టింది నేనే, సుత్తితో.

ఇవాళ చూసే మూడు రెసిన్లలో మొదటిది ఆటోనగర్‌లో బంపర్లకీ ట్యాంకులకీ వాడే పాలిస్టర్. దీని సంగతి నిమిషంలో తేల్చేద్దాం. నీలం ఫోమ్ మీద ఒక చుక్క వేస్తున్నా, చూడండి... గుంట పడింది. ఇందులో ఉండే స్టైరీన్ ఆ ఫోమ్‌ని కరిగించేస్తుంది. పైగా పాత ఎపాక్సీ మీద ఇది సరిగ్గా అతుక్కోదు. ఆటోనగర్‌లో ఫైబర్ పని చేసేవాళ్ల చేతివాటం చూస్తే ముచ్చటేస్తుంది, రోలర్ పట్టడం వాళ్ల దగ్గరే నేర్చుకోవచ్చు. రెసిన్ మాత్రం రెక్కకి వద్దు.

రెండోది ఎల్‌వై556 అనే ఎపాక్సీ, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ హెచ్‌వై951, ఈ జత. ఇంజినీరింగ్ చదివినవాళ్లు ల్యాబ్‌లో చూసే ఉంటారు. రెసిన్ బరువులో పదో వంతు హార్డెనర్ చాలు. చెయ్యి తిరగడానికి మంచి సరుకు. కానీ మన ఎండల్లో కప్పు నిండా కలిపారంటే క్లాత్ తడిపేలోపే కప్పు కాలిపోతుంది, పొగ కూడా రావచ్చు. కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి.

మూడోది ఎంజీఎస్ ఎల్285. గ్లైడర్ల కోసం, అంటే ఇంజిన్ లేని విమానాల కోసం వచ్చిన ఎపాక్సీ రెసిన్, జర్మనీ విమానయాన శాఖ ఆమోదం ఉంది. 100 గ్రాముల రెసిన్‌కి 40 గ్రాముల హార్డెనర్, తూకం వేసే కలపాలి. హార్డెనర్లలో 285 త్వరగా పట్టేస్తుంది, 287 తీరిగ్గా పడుతుంది. మే నెలలో 287 తప్ప ఇంకోటి ముట్టుకోను.

ఇక అసలు సంగతి. ఏ రెసిన్ బలమైంది అని అందరూ అడుగుతారు. మన ఊళ్లో అడగాల్సింది అది కాదు, ఎంత వేడి దాకా మెత్తబడకుండా ఉంటుంది అని. మామూలు గది వేడిలో ఆరిన ఎపాక్సీ చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. బయట 44, 45 డిగ్రీలున్న రోజున ఎండలో నిలబెట్టిన ముదురు రంగు రెక్క 80 దాటొచ్చు. ఇలా క్లాత్, రెసిన్‌తో చేసే కాంపోజిట్ విమానాలు దాదాపు అన్నీ తెల్లగా ఉండటానికి కారణం అందం కాదండీ, ఇదే.

ఈ రెండు పట్టీలూ ఒకే డబ్బాలోని రెసిన్‌తో చేసినవి. ఒకదాన్ని ఆరిన తర్వాత పెట్టెలో పెట్టి మెల్లగా వేడి చేశాను. దాన్ని పోస్ట్ క్యూర్ అంటారు. రెండోదాన్ని అలాగే వదిలేశాను. రెండూ 70 డిగ్రీల నీళ్లలో ముంచి తీశాను. వేడి చేసింది వంచుతుంటే మొండికేస్తోంది. వేడి చేయనిది చూడండి, వేలితో నొక్కితే వంగిపోతోంది. ఎల్285కి కంపెనీ ఇచ్చిన లెక్క కూడా ఇదే చెబుతుంది: వేడి చేయకపోతే 50 డిగ్రీల దాకా, చేస్తే 80 దాకా వాడొచ్చు.

అలాగని హీటర్ పెట్టి దంచేయకండి. ఆ నీలం ఫోమ్‌కే 74 డిగ్రీల దగ్గర హద్దు ఉంది. థర్మోకోల్ పెట్టె కూడా వద్దు, అదీ వేడికి ముడుచుకుపోతుంది. ప్లైవుడ్ పెట్టె, చిన్న ఫ్యాను, రెండు థర్మామీటర్లు చాలు. గంటకి కొద్ది డిగ్రీల చొప్పున పెంచి, అలాగే మెల్లగా దించాలి. వేడిలో రెక్క వంకర తిరగకుండా కింద అంతటా ఆసరా ఉండాలి.

రిపేర్ విషయానికొస్తే, దెబ్బ కంటికి కనిపించినంతే ఉండదు. నాణెంతో తడుతూ పోండి. ఇక్కడ టింగుమంటోంది, ఇక్కడ మొద్దుగా టప్పుమంటోంది. అంటే లోపల పొర ఊడింది. పెన్సిల్‌తో గీత గీసుకోండి. పెయింట్ తీయడానికి రిమూవర్ ద్రావకం వాడొద్దు, అది ఎపాక్సీని కూడా తింటుంది. సాండ్‌పేపర్, ఓపిక, మూతికి మంచి మాస్క్, అంతే.

అంచుల్ని ఏటవాలుగా అరగదీయడాన్ని స్కార్ఫ్ అంటారు. స్కిన్, అంటే ఫోమ్ మీది గ్లాస్ పెంకు, మందం ఒక మిల్లీమీటరైతే వాలు కనీసం 20 మిల్లీమీటర్లు. కొన్ని మాన్యువల్స్ ఇంకా ఎక్కువ అడుగుతాయి, మీ డిజైనర్ చెప్పిందే ఖాయం. సరిగ్గా అరగదీస్తే పొరలన్నీ ఉల్లిపాయ చక్రాల్లా ఒకదాని వెనక ఒకటి తేలతాయి. కొత్త క్లాత్ ఏ పొరకి ఏ కోణమో పాతదాన్ని చూసి వేయాలి. రెక్క మెలితిరగకుండా ఆపే పొరలు తరచూ 45 డిగ్రీల్లో ఉంటాయి. అక్కడ నిలువుగా వేస్తే ప్యాచ్ అందంగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. ఒక పొర ఎక్కువ వేస్తే పోలా అనుకోకండి. ఐలరాన్ మీదైతే, అంటే రెక్క వెనక అంచున కదిలే పలక మీదైతే, ఆ కాస్త బరువుకే బ్యాలెన్స్ తప్పి, గాల్లో కొట్టుకోవడం మొదలవ్వొచ్చు. దాన్నే ఫ్లట్టర్ అంటారు, విమానాన్ని ముక్కలు చేసేస్తుంది. దెబ్బ స్పార్ మీదైతే, అంటే రెక్క బరువు మోసే దూలం మీదైతే, సాండ్‌పేపర్ పక్కన పెట్టేసి డిజైనర్‌కి ఫొటోలు పంపండి.

వానాకాలంలో ఇంకో తలనొప్పి. తేమకి ఆరిన ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాకే తర్వాతి పొర వేయాలి. పీల్ ప్లై, అంటే ఆరాక ఊడదీసే గుడ్డ, పైన వేసుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. గ్లాస్ క్లాత్‌ని మాత్రం తేమ పట్టకుండా బల్బు వెలిగించిన బీరువాలో దాచండి.

నా తీర్పు అడిగితే: నేర్చుకోవడానికి రెండోది, ఎగిరే రెక్కకి మూడోది, అదీ పోస్ట్ క్యూర్ చేస్తేనే. మీ ప్లాన్స్‌లో వేరే రెసిన్ రాసి ఉంటే నా మాట కాదు, అదే తెచ్చుకోండి. చేసిన రిపేర్ లాగ్‌బుక్‌లో రాయండి, ఎగిరే ముందు విమానాల మీద అధికారం ఉన్న ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతుల సంగతి తేల్చుకోండి. డబ్బా కొనేటప్పుడు తేదీ చూసుకోండి, హార్డెనర్ మూత బిగించి పెట్టండి, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది.