విరేచనాల మాత్ర మత్తెందుకు ఇవ్వదు?

విరేచనాలు పట్టుకుంటే చాలామంది వేసుకునే లోపెరమైడ్ మాత్ర ఉంది కదా, అది మార్ఫిన్ అనే మత్తిచ్చే గట్టి నొప్పి మందు జాతిదే. అవును, ఓపియాయిడ్! మరి మామూలు డోసులో మత్తు రాదు, నొప్పీ తగ్గదు, పేగు మాత్రం నెమ్మదిస్తుంది. ఎందుకు?

(స్క్రీన్ మీద: పేగు గోడని అడ్డంగా కోసిన బొమ్మ)

ముందు రిసెప్టర్ అంటే ఏంటో చూద్దాం. కణం పైపొరలో ఉండే ఒక ప్రోటీన్. కాలింగ్ బెల్ బటన్ అనుకోండి, బయటి రసాయనం వచ్చి నొక్కితే లోపల బెల్ మోగుతుంది. నొక్కింది మన ఒంట్లో తయారైందా, మాత్రలోంచి వచ్చిందా అని బటన్ చూడదు, ఆకారం సరిపోతే చాలు.

తిన్నది పేగులోకి రాగానే గోడ సాగుతుంది, అక్కడి కొన్ని కణాలు సెరటోనిన్ వదులుతాయి. సంతోషం రసాయనం అని అందరూ చెప్పే అదే సెరటోనిన్, కానీ ఒంట్లో ఉన్నదాంట్లో సుమారు 90 శాతం తయారయ్యేది పేగులోనే. అది పక్కనున్న నరం మీది బటన్ నొక్కుతుంది, ఆ కబురు పేగు సొంత నరాల వల గుండా వెళ్తుంది, ముద్దకి వెనకవైపు కండరం బిగుస్తుంది, ముందువైపు వదులవుతుంది, ముద్ద జరుగుతుంది. 1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్కల పేగుకి బయటి నుంచి వచ్చే నరాలన్నీ కత్తిరించి చూశారు, అయినా ఇది ఆగలేదు. మెదడు పర్మిషన్ అక్కర్లేదన్నమాట.

బిగించే పని ఎసిటైల్‌కోలిన్‌ది. నరం దాన్ని వదిలితే కండరం మీది ఎం3 రిసెప్టర్‌ని నొక్కుతుంది, కణంలో కాల్షియం పెరిగి కండరం ముడుచుకుంటుంది. వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ మాత్రం బెల్ కొట్టే రకం కాదు, వాయువు కదా, తలుపు తట్టకుండా నేరుగా లోపలికి దూరిపోతుంది.

(స్క్రీన్ మీద: నరం కొస మీద ఎర్ర బటన్)

ఇప్పుడు మన మాత్ర దగ్గరికొద్దాం. పేగు నరాల మీద మ్యూ అనే ఓపియాయిడ్ రిసెప్టర్ ఉంటుంది, దాన్ని నొక్కితే నరం ఎసిటైల్‌కోలిన్ వదలడం తగ్గిస్తుంది. కండరానికి ఏ జబ్బూ లేదు, దాని బెల్ కొట్టేవాళ్ళే లేరు, అంతే. లోపలిది కదలక నిలబడిపోతే పేగు నీళ్ళు పీల్చుకుంటూనే ఉంటుంది, మలం గట్టిపడుతుంది. లోపెరమైడ్ మెదడులోకి వెళ్ళబోతే అక్కడి రక్తనాళాల గోడలో ఉన్న ఒక పంపు దాన్ని వెనక్కి నెట్టేస్తుంది, అందుకే మత్తు లేదు. అలాగని ఇష్టమొచ్చినన్ని మింగకండి, డోసు బాగా మించితే గుండె లయ తప్పుతుంది.

మార్ఫిన్ వాడే రోగులకైతే ఇదొక నరకం. నొప్పి తగ్గించే గుణానికి ఒళ్ళు అలవాటు పడుతుంది గానీ పేగు అంతగా పడదు, మలబద్ధకం వదలదు. దానికి మిథైల్‌నాల్ట్రెక్సోన్ ఇస్తారు, అది పేగులో మ్యూ బటన్‌ని కప్పేస్తుంది, మెదడులోకి దాదాపుగా వెళ్ళదు కాబట్టి నొప్పి మందు పని నొప్పి మందు చేసుకుంటుంది. నాకు బాగా నచ్చిన తెలివి ఇది.

సెరటోనిన్ నొక్కే బటన్ ఒక్కటే కాదు, చాలా రకాలున్నాయి. వాంతులకి ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ వాటిలో 5-హెచ్‌టీ3 అనేదాన్ని మూసేస్తుంది, అందుకే కొందరికి మలబద్ధకం వస్తుంది. మలబద్ధకానికి ఇచ్చే ప్రుకాలోప్రైడ్ 5-హెచ్‌టీ4 అనే ఇంకోదాన్ని నొక్కి పేగుని కదిలిస్తుంది. అంతకుముందు సిసాప్రైడ్ కూడా అదే నొక్కేది, కానీ గుండె కణాల్లోంచి పొటాషియం బయటికెళ్ళే దారిని కూడా మూసేది, దాంతో గుండె లయ తప్పేది, అందుకే 2000లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు.

చివరగా ఎరిత్రోమైసిన్. యాంటీబయాటిక్కే, కానీ మోటిలిన్ అనే, పేగుని కదిలించే మన ఒంటి హార్మోన్ రిసెప్టర్‌కి సరిగ్గా అతుకుతుంది, కడుపు మెలిపెట్టడానికి ఒక కారణం అదే. ఆ సైడ్ ఎఫెక్ట్‌నే డాక్టర్లు మందుగా వాడతారు, ఏ ఇన్‌ఫెక్షనూ లేకపోయినా, జీర్ణాశయం ఖాళీ అవ్వక బాధపడేవాళ్ళకి తక్కువ డోసులో. కొన్ని వారాలకి పని తగ్గుతుంది, ఎందుకంటే అస్తమానం నొక్కుతుంటే కణం ఆ బటన్లని లోపలికి లాగేసుకుంటుంది.