జనవరిలో పాసై మే నెలలో ఫెయిలైన మిషను

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ యాంకరమ్మాయి చదివేసింది కాబట్టి నేను మళ్లీ చదవను. శాలువా కప్పడం కూడా అయిపోయింది, ఇక వెనక్కి తీసుకోలేరు గనక ధైర్యంగా మాట్లాడతాను. నన్ను 'హార్డ్‌వేర్ నిపుణులు' అన్నారు. విజయవాడ గవర్నర్‌పేటలో పది అడుగుల కంప్యూటర్ల కొట్టు నాది. డిప్లొమాలో రెండు సబ్జెక్టులు ఇప్పటికీ మిగిలే ఉన్నాయి. ఈ సంగతి ప్రిన్సిపాల్ గారికి శాలువాకు ముందే చెప్పాల్సింది.

ఇన్విటేషన్‌లో నా పేరు కింద 'ఓవర్‌క్లాకింగులో వోల్టేజి, వేగం, ఉష్ణోగ్రతల సమతుల్యం' అని వేశారు. ఓవర్‌క్లాకింగంటే కంప్యూటరు చిప్పుని కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తించడం. చెబుతాను. కానీ నేను రావడానికి ఒప్పుకున్నది ఒక పెళ్లి వీడియో సంగతి చెప్పడానికి. ఎక్కడో ఒకచోట చెప్పాలి, ఇవాళ మైకు దొరికింది.

ముందు ఆ మూల ఉన్న డెమో మిషను చూడండి. ఫైనలియర్ పిల్లలు కట్టారట. ఎంత శుభ్రంగా కట్టారు! వైర్లు జడ అల్లినట్టున్నాయి. వేగం కొలిచే ప్రోగ్రాము సినీబెంచ్ నడుస్తోంది, చిప్పులో లెక్కలు చేసే కోర్లన్నీ 5.5 గిగాహెర్ట్జ్, 84 డిగ్రీలు. చప్పట్లు కొట్టండి, ఫర్వాలేదు. ఏం బాబూ, వోల్టేజి ఎంత పెట్టావ్? 1.34. ఆ నంబరు ఎక్కడిది? వీడియోలో చూశావు. ఆ వీడియో తీసినాయనది ఏ ఊరు? తెలీదు. పోనీ, స్వెటరు వేసుకున్నాడా? చూశారా, నవ్వుతున్నాడు. వేసుకున్నాడు.

నేను తెలుగు మీడియం. అనులోమానుపాతం అన్న మాట మీకు కొత్తేమో, నాకు అన్నం పెట్టింది అదే. చిప్పులో పుట్టే వేడి క్లాకు వేగానికి అనులోమం, వోల్టేజి వర్గానికి అనులోమం. వర్గానికి! తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. నాకు బాగా తెలిసిన ఇంటెల్ ఐ5-2500కె చిప్పు తీసుకుందాం. 2011 జనవరిలో వచ్చింది, 3.3 గిగాహెర్ట్జ్. 1.2 వోల్టులు తాగుతోందనుకోండి. మల్టిప్లయరు, అంటే మూల క్లాకుని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె, పెంచి 4.5కి ఎక్కించాం, 1.35 ఇచ్చాం. వేగం 36 శాతం పెరిగింది. వేడి ఎంత పెరిగింది? ఫోన్లు తీయొద్దు, నేనే చెబుతాను, దాదాపు 73 శాతం. అక్కడ ఆగితే గొడవ లేదు. ఆగం కదా, 4.7 కావాలి. దానికి 1.45 అడుగుతుంది. వేగం 4 శాతం పైచిలుకు, వేడి ఇంకో 20 శాతం. నాలుగు రూపాయల కొత్తిమీరకి ఇరవై రూపాయల ఆటో.

లీకేజీ కరెంటు, అంటే ట్రాన్సిస్టరు ఆపి ఉన్నా అందులోంచి కారిపోయే కరెంటు, నేనింకా కలపలేదు. చిప్పు వేడెక్కేకొద్దీ అది పెరుగుతుంది. పైగా వేడెక్కితే ట్రాన్సిస్టర్లు మందగించి, అదే వేగానికి ఇంకాస్త వోల్టేజి కావాలంటాయి. ఇస్తే మళ్లీ వేడి. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టే.

మీలో పొలాల పక్కన పెరిగినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. బాగుంది, సగం మంది ఉన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లన్నీ ఒకేసారి వేస్తే ఇంట్లో బల్బు గుడ్డిదీపం అవుతుందా లేదా? మదర్‌బోర్డు మీదా అంతే. బోర్డు సెట్టింగులుండే బయోసులో 1.35 పెట్టినా, లోడు పడగానే 1.29కి జారుతుంది. అది మోసం కాదు, కావాలనే అలా చేశారు. ఆ జారుడు ఆపడానికి లోడ్-లైన్ కాలిబ్రేషన్, ఎల్ఎల్‌సీ అని ఒక సెట్టింగుంది. దాన్ని చివరి మెట్టుకు పెడితే లోడులో కూడా వోల్టేజి నిటారుగా నిలబడుతుంది, చూడ్డానికి ముచ్చటేస్తుంది. మరి మోటార్లన్నీ ఒక్కసారి ఆపేస్తే? బల్బు భగ్గున వెలిగి ఫట్‌మంటుంది. లోడు తీసేసిన క్షణంలో చిప్పు మీదా అలాంటి తోపే పడుతుంది. అది మైక్రోసెకన్లలో వచ్చిపోతుంది. మీ మానిటరింగ్ సాఫ్ట్‌వేరు ఏ సెకనుకో ఒకసారి తొంగిచూస్తుంది, దానికేం కనపడుతుంది? అందుకే నేను మధ్య మెట్టు దాటను. ఇప్పుడు దాటను. అప్పుడు దాటాను.

అసలు నాకీ పిచ్చి సెలెరాన్ 300ఏ అనే ఇంటెల్ చిప్పుతో పట్టింది. 1998 నాటి సరుకు. బస్సు, అంటే బోర్డు ఇచ్చే మూల క్లాకు, 66 మెగాహెర్ట్జ్, మల్టిప్లయరు నాలుగున్నర, వెరసి 300. మల్టిప్లయరుకి తాళం వేశారు గానీ బస్సుకి వేయలేదు. బస్సుని 100 చేస్తే 450! బోర్డు ఒప్పుకోకపోతే బీ21 అనే ఒక్క పిన్ను కరెంటు తగలకుండా మూస్తే చాలు. మా చెల్లెలి నెయిల్ పాలిష్ సీసా అలా అయిపోయింది, అది ఇప్పటికీ దెప్పుతుంది. కంపెనీ ఇచ్చిన 2.0 వోల్టులకే చాలా చిప్పులు ఎక్కేసేవి. ఎక్కమంటే ఎక్కుతుందన్న నమ్మకం నా బుర్రలో అప్పుడే గట్టిపడింది.

ఇప్పుడు పెళ్లి.

2012, సంక్రాంతి వెళ్లాక ఒక ఫోటో స్టూడియో ఆయన కొట్టుకి వచ్చాడు. పేరు వద్దు. నన్ను అన్నా అంటాడు. 'సీజన్లో వీడియో మిక్సింగు రాత్రంతా పడుతోందన్నా, తొందరగా అయ్యే మిషను కట్టు' అన్నాడు. 2500కె వేసి, చిప్పు మీద మంచి టవర్ కూలరు బిగించి, 4.6 గిగాహెర్ట్జ్, 1.38 వోల్టులు, ఎల్ఎల్‌సీ చివరి మెట్టు. ఆ సాయంత్రం కొట్లో 24 డిగ్రీలుంది. చిప్పు చేత ఊపిరాడకుండా లెక్కలు చేయించే ప్రైమ్95 టెస్టు అరగంట నడిపాను, 79 దగ్గర నిలబడింది. అరగంటే ఎందుకంటే, షట్టరు దించే టైమైంది. శాస్త్రీయ కారణం ఇంకేం లేదు. మిషను పాసైంది, ఆయన డబ్బులిచ్చాడు, నేను కాలరెగరేశాను.

మే వచ్చింది. బెజవాడ మే నెల గురించి మీకు నేను చెప్పాలా? స్టూడియో రెండో అంతస్తు, దాని మీద స్లాబు, స్లాబు మీద సూర్యుడు. ఏసీ ఉంది. కానీ అప్పటి కరెంటు కోతలు మీ అమ్మానాన్నల్ని అడగండి. కంప్యూటరు ఇన్వర్టరు మీద ఉంది, ఏసీ లేదు. కరెంటు పోతే మిక్సింగు ఆగదు, ఏసీ ఆగుతుంది. గది 40కి చేరుతుంది. కూలరు మంచుగడ్డ కాదు పిల్లలూ, గదిలో ఉన్న గాలినే చిప్పు మీదకి విసురుతుంది. గదిలో పెరిగిన 16 డిగ్రీలూ చిప్పులోనూ పెరుగుతాయి. 79కి 16 కలిపితే 95. దాని మీద నాలుగు నెలల దుమ్ము. నూటికి దగ్గర్లో చిప్పు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది గానీ, ఆ గీత దాకా పోకముందే దీనికి లెక్కలు తప్పడం మొదలైంది.

ఆగిపోయినా బాగుండేది. బ్లూ స్క్రీన్ వస్తే మనిషికి తెలుస్తుంది. అది ఆగలేదు, తప్పులు చేస్తూనే పనిచేసింది. జీలకర్ర-బెల్లం పెట్టే చోట పదకొండు సెకన్లు. పెళ్లికూతురి ముఖం మీద ఆకుపచ్చ గళ్లు. గళ్ల మధ్య తెరసెల్లా ముక్కలు ముక్కలుగా, ఒక చెయ్యి, సగం బాసికం. సన్నాయి మాత్రం చక్కగా వినిపిస్తోంది. డీవీడీలు కొట్టి ఇచ్చేశారు. ముహూర్తాల రోజుల్లో మూడు గంటల సినిమా కూర్చుని చూసే తీరిక ఎవరికి? తర్వాతి పెళ్లి ఎక్కించడానికి చోటు చాలక ఒరిజినల్ ఫైళ్లు తీసేశారు. మళ్లీ చేసిద్దామంటే సరుకే లేదు.

పెళ్లికూతురి తండ్రి వచ్చి అరిచిన అరుపులు కింద వీధిలోకి వినిపించాయట. స్టూడియో ఆయన 'కెమెరా కార్డు పోయిందండీ' అన్నాడు. నా పేరెత్తలేదు. డబ్బు మొత్తం వాపసిచ్చాడు. మర్నాడు మిషను మోసుకొచ్చి నా కౌంటరు మీద పెట్టి, 'అన్నా, దీన్ని మామూలుగా చేసిచ్చెయ్' అన్నాడు. అంతే.

నేనేం చేశానో తెలుసా? కొట్లో ఏసీ కింద ప్రైమ్95 పెట్టి చూపించాను. 'చూడు, పాసవుతోంది, మీ కరెంటే బాలేదు' అన్నాను. ఆయన కాసేపు స్క్రీన్ వంక చూసి, 'నా గదిలో పెట్టి చూడన్నా' అన్నాడు. నేను వెళ్లలేదు.

ఆ రాత్రి మాత్రం షట్టరు దించి, ఏసీ ఆపి, ఫ్యాన్ కూడా ఆపి, బనీనుతో కూర్చుని అదే టెస్టు మళ్లీ పెట్టాను. పదిహేడో నిమిషంలో ఒక కోరు తప్పు చెప్పింది. ప్రైమ్95కి జవాబు ముందే తెలుసు కాబట్టి పట్టుకుంది. మిక్సింగు సాఫ్ట్‌వేరుకి తెలియదు, వచ్చిందే రాసుకుంటూ పోయింది. సెట్టింగులు 4.2కి, 1.25కి దించాను. ఆ ఉక్కలోనే తెల్లారేదాకా ఒక్క తప్పు లేదు. 4.6కి, 4.2కి తేడా ఎంత? ఆరు గంటల మిక్సింగుకి అరగంట. ఆయనకి మామూలు వేగానికే పెట్టి ఇచ్చాను, అడిగింది అదే కాబట్టి. తప్పు నాదని మాత్రం చెప్పలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను, ఆయన ఈ హాల్లో లేడు.

ఇప్పటి చిప్పులు వేరు అంటారు. నిజమే. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7000 చిప్పులు ఫుల్ లోడులో 95 డిగ్రీల దాకా ఎక్కేలాగే తయారయ్యాయి. మనం తీసుకునే లాభం ఫ్యాక్టరీలోనే తీసేసుకుంటున్నారు. 2024లో ఏమైంది? ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు అవసరానికి మించి వోల్టేజి అడిగి పాడవుతున్నాయని కంపెనీయే ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్, అంటే చిప్పు లోపలి ప్రోగ్రాముకి అప్‌డేట్, ఇచ్చి 1.55 వోల్టుల దగ్గర కళ్లెం వేసింది, వారంటీ రెండేళ్లు పెంచింది. వాళ్ల ల్యాబులో వాళ్లకే లెక్క తప్పింది. అందుకే నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకి ముందు వోల్టేజి తగ్గించి చూడమంటాను. వేగం కదపకుండా 1.30ని 1.20కి దించగలిగితే వేడి 15 శాతం దిగుతుంది, వర్గం ఇటూ పనిచేస్తుంది. అందరి చిప్పూ అంత దిగదు. ఒకే డబ్బాలో వచ్చిన రెండు చిప్పులు ఒకేలా ఉండవు, ఒకే బస్తాలో వేరుశనక్కాయల్లా. కొద్దికొద్దిగా దించుతూ, మీ గదిలో, మీ మధ్యాహ్నం రెండింటికి టెస్టు చేసుకోవాలి.

ప్రిన్సిపాల్ గారు రెండోసారి గడియారం చూశారు. ఒక్క పని చేసి దిగిపోతాను. బాబూ, ఆ సినీబెంచ్ ఆపి ప్రైమ్95 పెట్టు, అందులో బాగా వేడెక్కించే స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ టెస్టు. ఇక్కడ లోపల 24 ఉంది, బయట 37. మనం మూడొందల మందిమి ఉన్నాం, కూర్చున్న మనిషి ఒక్కొక్కరూ వంద వాట్ల హీటరు. తలుపు పక్కనున్న తమ్ముడూ, నువ్వే, చారల చొక్కా. ఏసీ స్విచ్చులు నీ వెనకే ఉన్నాయి, అన్నీ ఆపెయ్. కోప్పడకండి ప్రిన్సిపాల్ గారూ, పదిహేడు నిమిషాలే.